శక్కర్ ఊరికి సక్కరు చేప వద్దు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ గుర్తుకు వస్తుంది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి, డి.ఆర్. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే వివరంగా చెప్పగలిగినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "పిల్లలకు కూడా పనికివచ్చే విషయం ఏదైనా ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. అందుకని నేను ఈ రోజు ఒక చేప గురించి మనవి చేయదలచుకున్నాను.

ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషికి చేపలతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. కాని ముప్పై ఏళ్లకు పైగా చెరువులు, కాలువలు, తూములు, మత్తళ్ల ఫైళ్ల మధ్య బతికాను. కట్టకు బుంగ పడిందని కింది నుంచి రిపోర్టు వస్తే, దాన్ని టైపు చేసి పైకి పంపేది మేమే. ఎండ్రకాయల బొరియలు, ఎలుకల కలుగులు అని అందులో కారణాలు రాసి ఉండేవి. ఇంత చిన్న ప్రాణి అంత పెద్ద కట్టకు చేటు తెస్తుందా అని ఆశ్చర్యపోయేవాళ్లం. అందువల్లనే ఈ చేప గురించి పత్రికల్లోను, పుస్తకాల్లోను కనిపించిందల్లా శ్రద్ధగా చదువుతూ వచ్చాను. చదివిన దాంట్లో మనకు అవసరమైనంత మేరకు చెబుతాను.

పేరు - పుట్టుక

మన బోధన్‌కు శక్కర్ అనే మాట కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుణ్యమా అని ఇక్కడ ఒక శక్కర్‌నగరే వెలిసింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ శక్కర్ పోయింది, ఇప్పుడు అక్వేరియం దుకాణాల్లో మరో సక్కర్ దొరుకుతోంది. దీనికీ చక్కెరకూ సంబంధం లేదు. ఇంగ్లీషులో సక్కర్ అంటే పీల్చుకుని అంటుకుపోయేది అని అర్థం. అద్దాల తొట్టిలో ఎర్ర చేపలు, బంగారు చేపలు తిరుగుతుంటే, ఒక మూలన నల్లగా, మచ్చలతో, అద్దానికి నోరు అతికించుకుని కదలకుండా ఉంటుందే, అదే ఈ చేప. దుకాణం వాళ్లు సక్కరు చేప అంటారు, ట్యాంక్ క్లీనర్ అని కూడా అంటారు. మన పత్రికల వాళ్లు దెయ్యం చేప అని రాస్తున్నారు.

ఇది మన జెల్ల, వాలుగ, మార్పు చేపలకు దూరపు చుట్టం. అన్నీ మీసాల చేపల వర్గానికి చెందినవే. కాని దీని పుట్టిల్లు ఇక్కడికి సముద్రాల అవతల దక్షిణ అమెరికా. అక్కడి అమెజాన్, ఒరినోకో వంటి మహానదులు, వాటి ఉపనదులు, వరద పల్లాలు దీని స్వస్థలాలు. దీని కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు లోరికారిడే అని పిలుస్తారు. పాత రోమన్ సైనికులు తొడుక్కునే కవచానికి లాటిన్ భాషలో లోరికా అని పేరు. ఆ కుటుంబంలో వందలాది జాతులున్నాయి. మన దేశంలో చెరువుల పాలై సమస్యగా మారినవి మాత్రం టెరిగోప్లిక్‌థిస్ అనే ఒక్క ప్రజాతికి చెందినవి. ఆ పేరు నోరు తిరగదు కనుక మనం సక్కరు చేప అనే అనుకుందాం.

గుర్తుపట్టడం సులభం. మామూలు చేపకు ఉండే పొలుసులు దీనికి ఉండవు. తల నుంచి తోక దాకా ఎముక పలకలు వరుసలుగా, ఇంటి మీద పెంకులు పరిచినట్లు ఉంటాయి. తడిమితే గరుకుగా ఉంటుంది. నోరు ముందు వైపు కాక అడుగున ఉంటుంది. దాని చుట్టూ పెదవి గుండ్రంగా పళ్లెంలా పరుచుకుని, పక్కన రెండు చిన్న మీసాలు ఉంటాయి. వీపు మీద రెక్క తెరచాపలా నిలుస్తుంది. ఆ రెక్కలో ఊచలు పదీ, అంతకంటే ఎక్కువా ఉంటాయి. వీపు రెక్కకు, రొమ్ము రెక్కలకు ముందు గట్టి ముళ్లుంటాయి. భయపడినప్పుడు వాటిని బిగబట్టి నిక్కబొడుచుకుంటుంది. పిల్లలు చూడవలసిన ఇంకో వింత దీని కన్ను. వెలుతురు ఎక్కువైనప్పుడు కంటిపాప మీదికి చిన్న మడత ఒకటి దిగి, పాపను అర్ధచంద్రంలా చేస్తుంది. మనం ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకున్నట్లన్నమాట. పగలు ఏ రాయి కిందనో, మొద్దు కిందనో దాక్కుని రాత్రిపూట మేతకు బయలుదేరుతుంది.

బతుకు తీరు

మేత విషయంలో దీనికి పేచీలు లేవు. రాళ్ల మీద, మొద్దుల మీద పట్టిన నాచును, అడుగున పేరుకున్న కుళ్లిన ఆకును, బురదలోని చిన్న పురుగులను నోటితో గీరుకుని తింటుంది. అలాంటి నాసిరకం మేత నుంచి సత్తువ పిండుకోవడానికి దీని పేగు చాలా పొడవుగా, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ప్రవాహం ఎంత వేగంగా ఉన్నా నోటితో రాయిని పట్టుకుని నిలబడగలదు.

ఊపిరి సంగతి మరీ విశేషం. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే మామూలు చేపలు తేలిపోయి చచ్చిపోతాయి. ఎండాకాలంలో చెరువులు మడుగులైనప్పుడు మనం ఇది చూస్తూనే ఉంటాం. మన కొర్రమీను, మార్పు గాలి పీల్చి తట్టుకుంటాయి. ఈ సక్కరు చేప కూడా అంతే. కాని దీని పద్ధతి వేరు. నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగుతుంది. ఆ గాలిలోని ప్రాణవాయువును కడుపులోనే పీల్చుకుంటుంది. దీని జీర్ణాశయం గోడలు పలచబడి, రక్తనాళాలతో నిండి, ఊపిరితిత్తుల పని కూడా చేస్తాయి. ఒకే ఉద్యోగి రెండు సీట్లు చూసినట్లు. అందుకే ఒడ్డున పడేసినా, ఒళ్లు తడిగా ఉంటే గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. మురికి కాలువల్లోనూ బతుకుతుంది. దీనికి పడనిది చలి ఒక్కటే. నీళ్లు 10 డిగ్రీల వేడికి దిగితే తట్టుకోలేదు. మన చెరువు నీళ్లు అంత చల్లబడేదెప్పుడు?

ఇక సంతానం. మగచేప ఒడ్డు మట్టిలోకి అడ్డంగా బొరియ తవ్వుతుంది. ఆ బొరియ ఒక మీటరు, మీటరున్నర లోతు దాకా పోతుంది. ఆడచేప అందులో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లు పొదిగి పిల్లలయ్యేదాకా కాపలా కాసేది తండ్రి. ఒక ఈతకు 500 నుంచి 3,000 దాకా గుడ్లుంటాయి. మన రవ్వ, బొచ్చె చేపలు లక్షల్లో పెడతాయి కదా, వాటి ముందు ఇదెంత అనుకోవచ్చు. ఆ లక్షల గుడ్లకు కాపలా లేదు, వీటికి ఉంది. తేడా అక్కడే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. రవ్వ, బొచ్చె, మ్రిగాల నిలువ నీళ్లలో, అంటే మన చెరువుల్లో, తమంతట తాము గుడ్లు పెట్టవు. వర్షాకాలంలో నది పారుతుంటేనే పెడతాయి. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒరిస్సాలో సూదిమందు ఇచ్చి వాటిచేత గుడ్లు పెట్టించాడు. ఆ తర్వాతే హేచరీలు వచ్చాయి, ఏటేటా చేపపిల్లలు తెచ్చి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. మన తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలను సరఫరా చేయడం మొదలుపెట్టింది. అంటే మనకు కావలసిన చేపను ఏటా లెక్కపెట్టి పోయాలి. అక్కరలేని ఈ చేప మాత్రం ఒక్కసారి పడితే చాలు, తన సంసారం తానే పెంచుకుంటుంది. దీనికి మంజూరు అక్కరలేదు, బడ్జెట్ అక్కరలేదు. మనలాగా ఏటా బతికున్నానని సర్టిఫికెట్ ఇవ్వవలసిన పని కూడా లేదు.

ఇంటికి ఎలా వస్తుంది, చెరువుకు ఎలా పోతుంది

దుకాణంలో ఇది వేలెడంత ఉంటుంది. తొట్టి శుభ్రం చేస్తుందని చెప్పి అంటగడతారు. నాచు కొంత తింటుంది నిజమే. కాని తిన్నదానికి తగ్గట్టు మలం కూడా విడుస్తుంది కనుక తొట్టి కడిగే పని మనకు తప్పదు. మేత దొరికితే త్వరగా పెరుగుతుంది. 25 సెంటీమీటర్లకు ఈడుకు వస్తుంది, అర మీటరు దాకా పెరుగుతుంది. పదేళ్లకు పైగా బతుకుతుంది. రెండడుగుల అద్దాల పెట్టెలో ముప్పావు అడుగు చేప తిరగాలంటే ఎలా? తోక కొడితే మొక్కలు లేస్తాయి, రాళ్లు దొర్లుతాయి.

అప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. చంపడానికి చేతులు రావు. "తాతా, చెరువుల ఇడుస్తే హాయిగ బతుకుతది కదా" అని మనవడు అంటాడు. ఆ మాట తాత మనసుకు తగులుతుంది. ప్రాణం పోసినట్లవుతుంది, పుణ్యం వస్తుంది అనుకుంటాడు. మర్నాడు పొద్దున నడకకు పోయేటప్పుడు చిన్న బకెట్‌తో కట్ట మీదికి చేరతారు. ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ చేప నదుల్లో చేరిన దారి ఇదే. చేపల పెంపకం చెరువులు వరదలకు తెగడం, అలంకార చేపల ఫారాల నుంచి తప్పించుకోవడం కూడా కారణాలుగా ఉన్నాయి. కాని మన ఇంటి గడప దాటేది మాత్రం ఆ బకెట్‌లోనే. అందుకే ఈ మాట ఎవరో అధికారులకు చెప్పడం కంటే మన సభలో చెప్పడం ముఖ్యమనుకున్నాను. మనవలతో కట్ట మీదికి పోయే తీరిక ఉన్నది మనకే.

చేరిన చోట ఏం జరిగింది

మెక్సికోలో బాల్సాస్ అనే నది మీద ఒక పెద్ద జలాశయం ఉంది. పేరు ఇన్‌ఫియర్నీయో, అంటే వాళ్ల భాషలో చిన్న నరకం. పేరు అలాంటిదైనా ఒకప్పుడు ఆ దేశంలో తిలాపియా చేపల పట్టుబడికి పెట్టింది పేరు. 2000 తర్వాత అక్కడి మత్స్యకారుల వలల్లో తిలాపియా తగ్గి, సక్కరు చేపలే ఎక్కువగా పడసాగాయి. ముళ్లు చిక్కుకుని వలలు చిరిగాయి. కొనేవాడు లేడు. అక్కడి జనం దానికి దెయ్యం చేప అని పేరు పెట్టుకున్నారు. దానితో చేపల పిండి చేయాలని, మాంసం అమ్మాలని రకరకాల ప్రయత్నాలు చేశారు, చేస్తూనే ఉన్నారు. చేప మాత్రం పోలేదు.

ఫిలిప్పీన్స్‌లో లగూనా సరస్సులోనూ ఇదే కథ. తొట్టెలు ఊడుస్తుందని అక్కడ దీన్ని జానిటర్ చేప అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో నదుల ఒడ్లు జల్లెడలాగా బొరియలు పడి కోతకు గురవుతున్నాయి. ప్యూర్టోరికో దీవిలో గూడబాతులు ఈ చేపను మింగబోయి, ముళ్లు గొంతులో ఇరుక్కుని చనిపోయినట్లు 1990లలో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మన పొరుగున బంగ్లాదేశ్ 2023లో దీన్ని తేవడాన్ని, పెంచడాన్ని, అమ్మడాన్ని నిషేధించింది.

మన దేశంలో కేరళలో తిరువనంతపురం కాలువల్లో, బెంగాల్‌లో కలకత్తా చిత్తడి చెరువుల్లో, ఉత్తరాదిన గంగలో ఇది దొరికింది. మనకు మరీ దగ్గరి సమాచారం హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారిది. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ అనే ఆ సంస్థ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల ప్రాంతపు నీటి వనరులను ఈ దశకంలోనే పరీక్షించారు. వారు వల వేయలేదు. చెరువు నీళ్లు కొన్ని పట్టుకుపోయి పరీక్ష చేశారు. నీళ్లలో తిరిగే ప్రతి ప్రాణీ తన చర్మపు పొట్టు, జిగురు, మలం రూపంలో తన జన్యుపదార్థాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. ఆ ఆనవాలును బట్టి ఏ జీవి ఉన్నదో చెప్పవచ్చు. దస్తూరి చూసి ఫైలు ఎవరు రాశారో మనం పోల్చుకున్నట్లే. అలా చూస్తే సుమారు 60 శాతం నీటి వనరుల్లో సక్కరు చేప ఆనవాలు కనబడింది. తూర్పు కనుమల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ఆ అంకె చదివిన రోజు నాకు మనసు కుదుటపడలేదు.

మన నీళ్లకు సంబంధించిన లెక్క

ఇప్పుడు మన పటం ఒకసారి కళ్ల ముందు పెట్టుకుందాం. మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ జిల్లా దాటి, సింగూరు మీదుగా నిజాంసాగర్‌కు వస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్నా, దాని ప్రధాన కాలువ మన చెరుకు తోటలను, వరి పొలాలను తడిపింది. మంజీర చివరికి రెంజల్ మండలం కందకుర్తి దగ్గర హరిద్రతో పాటు గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి కిందికి పోతే శ్రీరాంసాగర్. బోధన్‌లో బెల్లాల్ చెరువు, జానకంపేటలో అశోక్‌సాగర్, ఎడపల్లి దగ్గర అలీసాగర్, ఇంకా ఊరూరా కుంటలు. వర్షాలు బాగా పడిన ఏడాది మత్తళ్లు దుంకుతాయి. ఒక చెరువు నీళ్లు వాగులోకి, వాగు నీళ్లు మంజీరలోకి, మంజీర నీళ్లు గోదావరిలోకి. ఇక్కడ బకెట్ వంచితే అది ఒక్క చెరువుకు సంబంధించిన విషయంగా మిగలదు. చేపకు మండలాల సరిహద్దులు, జిల్లాల సరిహద్దులు తెలియవు.

నష్టం మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది మత్స్యకారులది. మన దగ్గర గంగపుత్రులు, ముదిరాజులు సహకార సంఘాలు పెట్టుకుని చెరువుల మీద బతుకుతున్నారు. వర్షాకాలంలో పిల్లలు పోసి, ఎండాకాలం ముందు పట్టుకుని, వచ్చిన డబ్బు పంచుకుంటారు. చెరువు అడుగున మేసే మ్రిగాల, బంగారుతీగ వంటి చేపలకు కావలసిన మేతను సక్కరు చేప పంచుకుంటుంది. గీరుకుంటూ పోయే దారిలో ఇతర చేపల గుడ్లనూ మింగుతుంది. వల వేస్తే ముళ్లకు చిక్కుకుని, విడదీయడానికి కండెలు కొయ్యవలసి వస్తుంది. ఒక వల ఖరీదు, దాన్ని అల్లుకోవడానికి పట్టే రోజులు ఆ ఇంటివాళ్లనే అడగాలి. పెన్షన్ లేని కుటుంబాలవి. నెల మొదటి తారీకున బ్యాంకులో ఏదో ఒకటి పడుతుందనే ధీమా మనకుంది, వాళ్లకు లేదు.

రెండవది కట్టలది. నేను టైపు చేసిన బుంగల రిపోర్టుల్లో ఎండ్రకాయ బొరియ పిడికెడు ఉండేది. మీటరున్నర లోతు బొరియలు పదుల సంఖ్యలో ఒకేచోట పడితే ఒడ్డు మట్టి జారుతుంది, నీళ్లు బురదవుతాయి, పూడిక పెరుగుతుంది. మన చెరువుల పూడిక తీయడానికి 2015లో మిషన్ కాకతీయ అని పెద్ద పథకమే పెట్టవలసి వచ్చింది. పూడిక ఎంత ఖర్చుతో కూడిన వ్యవహారమో ఇంజనీరింగ్ శాఖల్లో పనిచేసిన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది మన నీళ్లలో ఎప్పటి నుంచో ఉన్న చిన్న ప్రాణులది. పరకలు, చందమామలు, జెల్లలు, బొమ్మిడాయిలు. మన తరం వాళ్లు వాగులో తువ్వాలు పట్టి పట్టుకున్న చేపలివి. వాటికి సంఘం లేదు, మహజరు ఇచ్చేవాడు లేడు.

తప్పు చేపది కాదు

ఇంత చెప్పాక పిల్లలు దీన్ని రాక్షసి అనుకోవచ్చు. అలా అనుకోవద్దు. ఇది కరవదు, దీనికి విషం లేదు. అమెజాన్ తీరాల్లో జనం దీన్ని వండుకుని తింటారు. అక్కడ దీన్ని తినే మొసళ్లున్నాయి, నీటికుక్కలున్నాయి, పెద్ద చేపలున్నాయి. దీనితో పాటే ఎన్నో వేల ఏళ్లు పెరిగి, దీని కవచాన్ని పగలగొట్టడం నేర్చుకున్న ప్రాణులవి. అందుకని అక్కడ దీని సంఖ్య అదుపులో ఉంటుంది. గుడ్లకు కాపలా కాసే తండ్రిగా దీన్ని మెచ్చుకోవలసిందే. దాని చోట అది మంచి పౌరుడు. తీసుకొచ్చి మన చెరువులో పడేసింది మనిషి.

ఇలాంటివి మనకు ఇంతకుముందు కూడా అనుభవమే. మన చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క ఎక్కడిది? అదీ దక్షిణ అమెరికాదే. దాని ఊదారంగు పువ్వు అందంగా ఉందని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాలుకు తెచ్చుకున్నారు. ఈ రోజుకూ మున్సిపాలిటీలు మనుషులను పెట్టి తీయిస్తూనే ఉన్నాయి. వంటచెరకుకు పనికి వస్తుందని తెచ్చిన సర్కారు తుమ్మ కూడా పరాయి నేలదే. శిఖం భూముల్లో అది ఎలా అల్లుకుందో జమాబందీ చేసిన రెవిన్యూ మిత్రులకు తెలుసు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సంగతి సరేసరి. 2000లో దాని పెంపకాన్ని నిషేధించినా, దొంగచాటు పెంపకం మీద దాడులంటూ పత్రికల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. అది వేరు, సక్కరు చేప వేరు. అది ఇతర చేపలను తినేది, పొలుసులూ పలకలూ లేని నున్నటి ఒంటిది. రెండింటినీ ఒకటిగా చెప్పుకోవడం వల్ల గందరగోళం వస్తోంది.

ఈ ఉదాహరణలన్నింటిలో నాకు కనిపించింది ఒకటే. తెచ్చినప్పుడు ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. వచ్చిన తర్వాత తిరిగి పంపే మార్గం లేదు. మన ఆఫీసుల్లో తప్పు ఆర్డరు వెళితే సవరణ ఉత్తర్వు ఇచ్చేవాళ్లం, రద్దు చేసేవాళ్లం. చెరువులోకి పోయిన చేపకు రద్దు ఉత్తర్వు లేదు. పెద్ద చెరువును ఎండగట్టినా ఒడ్డు బొరియల్లో తడి పట్టుకుని కొన్ని బతుకుతాయి. కనుక చేయవలసిందంతా ముందే చేయాలి.

ఇక పుణ్యం మాట. ప్రాణం మీద దయ ఉండవలసిందే. కాని ఒక ప్రాణం మీద చూపిన దయ నూరు ప్రాణాల మేతను, పది ఇళ్ల కూడును తీసేస్తే దాన్ని ఏమనాలి? దానం చేసేటప్పుడు పాత్రత చూడమని పెద్దలు చెప్పారు. చేపను వదిలేటప్పుడు నీటి పాత్రత చూడాలని నేను అంటాను.

మనం చేయదగిన పనులు

మొదటిది, కొనకముందే ఆలోచించడం. మనవలకు తొట్టి కొనిపెడితే సక్కరు చేప వద్దని దుకాణంలోనే చెప్పండి. తొట్టి గోడల నాచు ఒక స్పాంజి ముక్కతో పోతుంది.

రెండవది, ఇంట్లో ఇప్పటికే ఉంటే, పెద్దదైతే, దుకాణానికే తిరిగి ఇవ్వండి. లేదా పెద్ద తొట్టి ఉన్నవారికి, బయటి నీళ్లతో సంబంధం లేని సిమెంటు తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. చెరువు, కుంట, కాలువ, వాగు, మురికి కాలువ, బావి, వీటిలో ఎక్కడా వదలవద్దు. వినాయక నిమజ్జనానికి, గంగ స్నానానికి పోయేటప్పుడు వెంట తీసుకుపోయి వదలవద్దు. కందకుర్తి సంగమంలో వదిలినా అది పుణ్యం కాదు.

మూడవది, మత్స్యకార సోదరులకు చెప్పడం. వలలో పడితే విసుగుతో తిరిగి నీళ్లలో విసరవద్దు. కట్ట మీద పారేస్తే చచ్చిపోతుందని నమ్మవద్దు. నీటికి దూరంగా తీసుకుపోయి చంపి పూడ్చాలి. చేపపిల్లలు పోసే రోజున సంచులను ఒకసారి పరికించి చూసుకోవడం మంచిది. ఎక్కడ దొరికిందో జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు తెలియజేయాలి. దరఖాస్తు రాయడానికి చెయ్యి తిరగనివారుంటే మనం ఉన్నాం కదా. జీవితమంతా చేసిన పని అదే. తేదీ, చెరువు పేరు, గ్రామం, చేప పొడవు, ఎన్ని పడ్డాయి, ఈ అయిదు విషయాలు ఒక కాగితం మీద రాసి, నకలు దగ్గర పెట్టుకుని, ముట్టినట్లు సంతకం తీసుకుంటే చాలు. ఫోన్లు ఉన్న పిల్లలు ఫొటో తీసి జతచేస్తారు.

నాలుగవది, చట్టం. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు పరాయి దురాక్రమణ జాతులను అదుపు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చారు. అధికారం కాగితం మీద ఉన్నంత మాత్రాన చెరువు గట్టు మీద పని జరగదని మనకంటే బాగా తెలిసినవారు ఎవరున్నారు? కింది నుంచి రిపోర్టు పోతేనే పై నుంచి ఉత్తర్వు వస్తుంది.

పిల్లలూ, మీకొక మాట. మీ ఇంట్లో సక్కరు చేప ఉంటే దాన్ని బాగా చూసుకోండి. దాని కన్ను ఎలా ముడుచుకుంటుందో, నోటితో అద్దాన్ని ఎలా గీరుతుందో, ఎన్ని నిమిషాలకొకసారి పైకి వచ్చి గాలి మింగుతుందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. అంత వింతైన ప్రాణిని చూసే అవకాశం మా చిన్నతనంలో మాకు లేదు. తెచ్చుకున్న ప్రాణిని కడదాకా పోషించడం మీ బాధ్యత. పెద్దదైందని చెరువులో వదిలితే ఆ బాధ్యత తీరిపోదు, ఊరందరి నెత్తిన పడుతుంది.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన సంఘం తరఫున ఒక చిన్న తెలుగు కరపత్రం వేయించి, బోధన్, నిజామాబాద్ పట్టణాల్లోని అక్వేరియం దుకాణాల వారికి, మత్స్య సహకార సంఘాల వారికి, బడులకు పంచాలని ప్రతిపాదిస్తున్నాను. రాతపని నేను చూసుకుంటాను. అచ్చు ఖర్చుకు నా వంతు చందా ఈ సభ ముగిసేలోగా కోశాధికారిగారికి అందజేస్తాను.